తారీఖు తెలిసిన డబ్బు: నగదు సాయం మీ ఇంట్లో ఏమి మార్చింది?

మెట్టసేద్యం (ప్రకాశం జిల్లా), ఆదివారం ఉదయం

నిన్న ఒకటో తారీఖు. పింఛను ఇచ్చే వేళకు నేను ఊళ్లోనే ఉన్నాను. ఏడు కాకముందే సచివాలయం అబ్బాయి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ చేయి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వేలు పెట్టింది. పడలేదు. మధ్య వేలు పెడితే పడింది. అయిదు వందల నోట్లు ఎనిమిది లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

వాటిని లోపలికి తీసుకుపోయి మంచం మీద పరిచింది. ఒక నోటు బీపీ, షుగరు మాత్రలకు. రెండు కిరాణా సరుకులకు. ఒకటి డ్వాక్రా సంఘం కిస్తీకి. ఒకటి గ్యాసుకు, కరెంటుకు. ఒకటి మనవరాలి పేరున పోస్టాఫీసులో వేయడానికి. మిగిలిన రెండింటినీ రేషను కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవరులో పెట్టింది. "అవి దేనికమ్మా?" అని అడిగాను. "దేనికీ కాదు. ఉండాలి" అంది.

నాన్న 2011లో పోయారు. అప్పటి వితంతు పింఛను 200 రూపాయలు. 2014 అక్టోబరులో వెయ్యి అయింది, 2019 ఎన్నికల ముందు రెండు వేలయింది, తర్వాత మెల్లగా పెరిగి 2024 జనవరికి మూడు వేలకు, ఆ జులైకి నాలుగు వేలకు చేరింది. 2024 జులై ఒకటిన మూడు నెలల బకాయితో కలిపి ఏడు వేలు ఒకేసారి వచ్చాయి. అమ్మ ఆ మధ్యాహ్నమే కొట్టుకు వెళ్లి పద్దు మొత్తం కొట్టేయించింది. మా ఇంట్లో అసలు మార్పు మొదలైంది ఆ రోజే. పద్దు నడుస్తున్నంత కాలం ఆ కొట్లోనే కొనాలి. పావు కిలో నూనె, పావు కిలో కందిపప్పు, అదీ వాళ్లు చెప్పిన ధరకు. అప్పు ఉన్న మనిషికి ధర అడగడానికి నోరు రాదు. ఇప్పుడు నెలకొకసారి టౌనులో నెల సరుకు ఒకేసారి నగదుకు కొంటోంది. అవే వస్తువులు, నెలకు మూడు నాలుగు వందలు మిగులుతున్నాయి. బీదవాడు ప్రతి వస్తువునూ ఎక్కువ ధరకు కొంటాడని చిన్నప్పటి నుంచీ కళ్లారా చూస్తూనే ఉన్నాను, కానీ కారణం నాకు ఇప్పుడే అర్థమైంది.

మీ ఇళ్లలో ఏమి మారిందో, ఏమి మారలేదో రాయండి. ఏ పార్టీ ఇచ్చిందన్న గొడవ ఇక్కడ వద్దు.

మిరపతోట (గుంటూరు జిల్లా), ఆదివారం మధ్యాహ్నం

మీ అమ్మగారి విషయంలో నాకు రెండో మాట లేదు. వృద్ధులకు, భర్తను పోగొట్టుకున్నవారికి, వికలాంగులకు ఇచ్చి తీరాలి. నా అభ్యంతరం వేరు. పని చేయగల ఇంటికి కూడా రకరకాల పేర్లతో డబ్బు వేస్తున్నారు. నాకు ఆరెకరాల మిర్చి ఉంది. కోతలప్పుడు మా ఊళ్లో మనిషి దొరకడం లేదు. నలభై కిలోమీటర్ల దూరం నుంచి ఆటోల్లో తెస్తున్నాను, ఆటో కిరాయి నాదే.

ఇంకో మాట. మా కాలువ తూము తలుపు విరిగి నాలుగేళ్లయింది. చివరి ఎకరాలకు నీరు రాదు. ఆ తలుపు వేయించడానికి డబ్బు లేదంటారు. ఇంటింటికీ నోట్లు పంచే బదులు తూముకు తలుపు పెట్టిస్తే ఆ చివరి ఎకరాల వాళ్లు ఎవరి సాయం అడగరు. ఇది కోపంతో రాయడం లేదు. ఏటా ఆ పొలాలు ఎండడం చూస్తున్నాను, ఆ బాధతో రాస్తున్నాను.

నాగలికర్రు (నల్గొండ జిల్లా), ఆదివారం రాత్రి

మిరపతోట గారూ, కూలి బాధ నాకూ తెలుసు. కానీ పని చేయగల ఇల్లు అన్నారు కాబట్టి మా ఇంటి లెక్క చెబుతాను.

మాకు సొంతంగా ముప్పై గుంటలుంది, అంటే ముక్కాలు ఎకరం. మరో ఐదెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేస్తాం. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి 4,000 చొప్పున చెక్కులిచ్చారు. మా ముప్పై గుంటలకు 3,000 వచ్చింది. మేము దున్నే ఐదెకరాల 20,000 చెక్కు హైదరాబాదులో ఉండే యజమానికి వచ్చింది. ఆయన చెక్కు తీసుకుని, దారిలో మా ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లారు. మరుసటి ఏడు కౌలు ఎకరానికి వెయ్యి పెంచారు. "భూమికి విలువ పెరిగింది కదా" అన్నారు. ఆయన చెడ్డవారు కారు, మా చెల్లి పెళ్లికి చేబదులు ఇచ్చిన మనిషి. కానీ పాసుపుస్తకం ఆయన పేరున ఉంది. పంట పోతే పోయేది మాది, పెట్టుబడి సాయం అందేది ఆయనకు.

ఆ మూడు వేలను మాత్రం తక్కువ చేసి చెప్పను. అంతకుముందు విత్తనాలు, మందులు అన్నీ దుకాణంలో అరువు. నూటికి రెండు రూపాయల వడ్డీ. పంట వచ్చాక ఆ దుకాణదారుకే పత్తి వేయాలి, తూకంలో తరుగు తీసినా నోరెత్తకూడదు. ఆ ఏడు పత్తి విత్తనాల ప్యాకెట్టు 740 రూపాయలు. నాలుగు ప్యాకెట్లు నగదుకు కొన్నాం. మా నాన్న బిల్లు అడిగి తీసుకున్నారు. యాభై ఏళ్ల వయసులో ఆయన విత్తనానికి బిల్లు అడగడం అదే మొదటిసారి. ఆ బిల్లు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

2025 జనవరి నుంచి, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతుభరోసా కింద ఎకరానికి ఏడాదికి 12,000 అయింది. కౌలుదారుకు ఇప్పటికీ లేదు. భూమి లేని కూలీలకు ఆత్మీయ భరోసా పేరుతో ఏడాదికి 12,000 అన్నారు. ఉపాధి హామీలో ఇరవై రోజులు పని చేసి ఉండాలి, భూమి ఉండకూడదు. మాకు ముప్పై గుంటలుంది కాబట్టి అందులోనూ లేము. మా ఇల్లు ఆ రెండు పథకాలకూ మధ్య సందులో ఉంది.

పెద్దరావిచెట్టు (కర్నూలు జిల్లా), సోమవారం ఉదయం

ఒక ప్రశ్న. మగవాళ్ల ఖాతాలో పడిన డబ్బు సారా కొట్టుకే పోతుందని మా ఊళ్లో గట్టిగా నమ్ముతారు. నేను కళ్లారా చూసిన ఇళ్లూ రెండున్నాయి. అందరి సంగతీ ఇంతేనా?

గళ్లనోటు (హైదరాబాద్), సోమవారం మధ్యాహ్నం

నేను అర్థశాస్త్రం చదువుతున్నాను, తాగుడు, సోమరితనం రెండింటి మీదా మా తరగతిలో చాలా చర్చ జరిగింది.

అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు కలిసి ఆరు దేశాల్లో జరిగిన ఏడు నగదు పథకాలను పరిశీలించి 2017లో ప్రచురించారు. డబ్బు అందుకున్నవారు పని మానేశారనడానికి వారికి ఆధారం దొరకలేదు. తాగుడు, పొగాకు మీద ఖర్చు పెరుగుతుందా అని ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇవాన్స్, పొపోవా చాలా దేశాల అధ్యయనాలు కూర్చి చూశారు. పెరగదనే తేలింది. పెద్దరావిచెట్టు గారు చూసిన రెండు ఇళ్లు అబద్ధమని కాదు. తాగే మనిషి కూలి డబ్బుతోనూ తాగుతాడు. పింఛనుతో కొత్తగా తాగుడు మొదలుపెట్టినవాడు అరుదు.

మిరపతోట గారి మాటలో మాత్రం నిజం ఉంది, దాన్ని తోసిపుచ్చను. 2011–12లో మధ్యప్రదేశ్‌లో సేవా (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ కలిసి ఎనిమిది ఊళ్లలో అందరికీ నెలనెలా డబ్బు ఇచ్చి చూశాయి. పెద్దలకు మొదట 200, తర్వాత 300 రూపాయలు. పిల్లలకు అందులో సగం, తల్లి చేతికి. ఏ షరతూ లేదు. అక్కడ జనం పని తగ్గించలేదు. ఒకరి పొలంలో కూలి తగ్గించుకుని తమ చెలకలో పని పెంచుకున్నారు, మేకలు, కోళ్లు కొనుక్కున్నారు. మీ తోటకు రాని మనిషి బహుశా తన ముప్పై గుంటల్లో ఉండి ఉంటాడు.

మన దగ్గర జరిగిన దాని గురించి కూడా ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్ తదితరులు 157 మండలాల్లో, కోటీ తొంభై లక్షల జనాభా మీద దాని ఫలితం కొలిచారు. ఉపాధి కూలి త్వరగా, చెప్పిన వేళకు అందింది, మధ్యలో కొట్టేసేది తగ్గింది. "చెప్పిన వేళకు" అన్న దగ్గరే మెట్టసేద్యం గారి అమ్మగారి కథ ఉందనుకుంటున్నాను. తారీఖు తెలిసిన నాలుగు వేలు, ఎప్పుడు వస్తుందో తెలియని ఐదు వేల కంటే ఎక్కువ పని చేస్తాయి.

తలుపుతట్టు (శ్రీకాకుళం జిల్లా), సోమవారం రాత్రి

ప్రతి నెలా ఒకటిన ఆ డబ్బు పంచే ఉద్యోగం నాది. ఏ ఊరో, ఏ సచివాలయమో చెప్పను.

ముందు రోజు బ్యాంకు నుంచి డబ్బు తెచ్చి రాత్రి ఇంట్లో పెట్టుకుంటాను. నిద్ర పట్టదు. తెల్లవారి ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి చాలావరకు అయిపోతుంది. ఆలస్యమయ్యేది వేళ్ల దగ్గర. జీడిపిక్కలు కొట్టిన చేతులకు గీతలు ఉండవు, జీడి నూనె చర్మాన్ని తినేస్తుంది. అలాంటివారికి ముఖం ఫొటోతో సరిచూసే పద్ధతి ఉంది. అదీ సిగ్నల్ ఉన్నచోటే పని చేస్తుంది. ఒక అవ్వను రెండుసార్లు కొబ్బరితోట గట్టు దాకా నడిపించాను, ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

డబ్బు ఇంటికి తెచ్చి ఇవ్వడానికీ ఖాతాలో వేయడానికీ తేడా ఏమిటని అడిగేవాళ్లున్నారు. 2024 మేలో ఎన్నికల నియమావళి కారణంగా చాలామందికి ఖాతాలో వేశారు. మా ఊరి నుంచి బ్యాంకు తొమ్మిది కిలోమీటర్లు. ఒక తాత ఎండలో ఆటోకు వంద పెట్టుకుని వెళ్లాడు. ఏళ్లుగా వాడని ఖాతా, కనీస నిల్వ లేదని పడిన మూడు వేలలో కొంత కోసేశారు. ఇంటికి వచ్చి నన్నే అడిగాడు: "నాయనా, నేను ఎవరికి బాకీ పడ్డాను?" నా దగ్గర జవాబు లేదు.

ఇంకొకటి రాయాలి. కొన్ని ఇళ్లలో గడప దగ్గర కొడుకు నిలబడి ఉంటాడు. నేను నోట్లు తల్లి చేతిలోనే పెడతాను. ఆమె కొంగున ముడి వేసుకున్నాక కానీ లేవను. చాలాసార్లు ఆమే ఆ ముడి విప్పి అయిదు వందలు కొడుక్కి ఇస్తుంది. అది ఆమె ఇష్టం. ఆమె చేతి నుంచి వెళ్లాలి, అంతే. ఇచ్చే మనిషికి ఇంట్లో గొంతు ఉంటుంది. ఆరేళ్ల కిందట పంచలో చాప మీద పడుకున్న ఒక అవ్వ ఇప్పుడు లోపలి గదిలో మంచం మీద ఉంది. మంచం కొన్నది కోడలే, అవ్వ పింఛను డబ్బుతోనే. ఆ కోడలు నన్ను చూడగానే, "అత్తకు టీ ఇచ్చి పిలుస్తాను, కూర్చోండి" అంటుంది. దీన్ని డబ్బు మీద ప్రేమ అనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆ ఇంట్లో అంతకుముందు ఇద్దరికీ సరిపడా ఏమీ లేదు. లేమిలో మనుషులు ఒకరి మీద ఒకరు కసురుకుంటారు.

తునికాకు (నిజామాబాద్ జిల్లా), మంగళవారం

పని మానేస్తారన్న మాట చదివి మా అమ్మ గురించి రాయాలనిపించింది. బీడీలు చుడుతుంది. పదమూడేళ్ల వయసులో చేట ఒళ్లో పెట్టుకుంది, ఇప్పుడు యాభై ఆరు. బీడీ కార్మికుల పింఛను 2,016 వస్తోంది. అంతకుముందు రోజుకు వెయ్యి చుట్టేది, లైటు కింద రాత్రి పది దాకా. ఇప్పుడు ఆరేడు వందల దగ్గర ఆపేస్తుంది. చీకటి పడ్డాక చేట ముట్టదు.

లెక్కలో ఇది పని తగ్గడమే. ఎవరైనా సర్వే చేస్తే అలాగే రాసుకుంటారు. కానీ మెడ వంచి నలభై ఏళ్లు కూర్చున్న మనిషి రాత్రి పూట వాకిట్లో కూర్చుని పక్కింటి వాళ్లతో మాట్లాడుతోంది. దగ్గు తగ్గింది. నాకు ఇంతకంటే పెద్ద అభివృద్ధి తెలియదు.

మా పిన్నిదీ అదే పని, అవే ఏళ్లు. పీఎఫ్ నంబరు లేదు. అందుకని పింఛను లేదు. ఇద్దరూ ఒకే గోడకు ఆనుకుని కూర్చుంటారు. సాయంత్రం అమ్మ లేచిపోతుంది, పిన్ని కూర్చునే ఉంటుంది. అమ్మ లేచేటప్పుడు పిన్ని వైపు చూడదు.

నల్లబల్ల (విజయనగరం జిల్లా), మంగళవారం రాత్రి

ప్రభుత్వ బడిలో పంతులును. నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి.

2025 జూన్‌లో తల్లికి వందనం పడింది. బిడ్డకు 13,000 తల్లి ఖాతాలో, 2,000 బడి నిర్వహణకు. మా బడిలో ఇద్దరు పిల్లలున్న ఒక తల్లికి 26,000 వచ్చాయి. ఆమె దానితో తాకట్టులో ఉన్న కమ్మలు, గొలుసు విడిపించుకుంది. చదువుకని ఇస్తే నగలకు పెట్టిందని మేమంతా అనుకున్నాం. నేను ఆమె ముందే అన్నాను. ఆమె తలవంచుకుని వెళ్లిపోయింది.

దసరా అయిపోయింది. ఏటా దసరా దాటగానే ఆ భార్యాభర్తలు భవనాల పనికి హైదరాబాద్ పోయేవారు. చిన్నవాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలేవారు, పెద్దదాన్ని వంటకు తమతో తీసుకుపోయేవారు. మళ్లీ సంక్రాంతి దాటాకే బడికి వచ్చేది, అప్పటికి లెక్కల్లో సగం పాఠాలు అయిపోయేవి. ఈ ఏడు ఎదురు చూశాను, వెళ్లలేదు. ఎందుకని అడిగితే, "వడ్డీ కట్టే పని లేదు కదండీ, ఇక్కడి కూలితో నెట్టుకొస్తాం" అంది. వాళ్లను ఊరు దాటించింది ఆ తాకట్టు వడ్డీయే. పెద్దపిల్ల ఈ రోజు కూడా బడికి వచ్చింది, రెండో బెంచీలో కూర్చుంది. ఆ డబ్బు చదువుకే పెట్టింది ఆమె. ఏ అప్పు తీరిస్తే తన బిడ్డ బడిలో ఉంటుందో నాకంటే ఆమెకు బాగా తెలుసు.

మిరపతోట, బుధవారం

నల్లబల్ల గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా తోటకు వచ్చే మేస్త్రీతో కూడా మాట్లాడాను. ఆమె కోడలు ఇప్పుడు కూలికి రావడం లేదు, రెండు గేదెలు మేపుతోంది. గళ్లనోటు గారు చెప్పింది మా ఊళ్లోనూ ఉంది. నేను చూసింది మనిషి తగ్గడమే, ఎక్కడికి పోయిందో చూడలేదు.

అయినా తూము తలుపు సంగతి వదలను. డబ్బు ఇస్తున్నాం కదా అని ఆసుపత్రి, కాలువ, బడి వదిలేస్తే ఆ డబ్బంతా ప్రైవేటు డాక్టరుకు, ప్రైవేటు బడికి పోతుంది. రేపు రేషను బియ్యం తీసేసి వాటికీ డబ్బు ఇస్తామంటే ఏం చేస్తారు?

నాగలికర్రు, బుధవారం రాత్రి

వద్దంటాం. 2015లో పుదుచ్చేరి, చండీగఢ్‌లలో రేషనుకు బదులు ఖాతాలో డబ్బు వేసి చూశారు. మొదట్లో చాలామంది తిండిగింజలే కావాలన్నారు. ధర పెరిగితే బియ్యం తరగవు, డబ్బు తరుగుతుంది. మాకు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. బజారులో ఆ బియ్యం ధర ఎంతైనా మా గిన్నెలో ఆరు కిలోలే. డబ్బు సంగతి చూడండి, వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఎనభై ఏళ్ల లోపు వారికి ఎన్నో ఏళ్లుగా 200 దగ్గరే ఆగిపోయింది. ఎవరూ పెంచమని అడగకపోతే డబ్బు అలాగే కరిగిపోతుంది. మీ తూము, మా కౌలు గుర్తింపు, అమ్మల పింఛను, ఒకటి అడిగితే ఇంకొకటి వదులుకోవాలన్న లెక్క నాకు నచ్చదు. అన్నీ మన హక్కులే.

మెట్టసేద్యం, గురువారం ఉదయం

తలుపుతట్టు గారికి ఒక ప్రశ్న. మా పక్కింటి అవ్వకు అరవై నాలుగు దాకా ఉంటాయి. ఆధార్‌లో 1979లో పుట్టినట్టు పడింది. ఆమె పెద్దకొడుకు నా ఈడువాడు, నేను 1982లో పుట్టాను. సచివాలయంలో అడిగితే వయసు చాలదంటున్నారు. పైగా కొడుకు ఇల్లు, ఆమె గుడిసె ఒకే మీటరు మీద ఉన్నాయి, వేసవిలో 300 యూనిట్లు దాటుతోంది. అమ్మ తన కవరులోని రెండు నోట్లలో ఒకటి ప్రతి నెలా ఆమెకు ఇస్తోందని నిన్ననే తెలిసింది. "ఉండాలి" అన్నది అందుకే కాబోలు.

తలుపుతట్టు, గురువారం రాత్రి

ముందు ఆధార్ సంగతి చూడండి. పుట్టిన తేదీ ఒకసారే మార్చుకోనిస్తారు, తొందరపడి తప్పు కాగితంతో వెళ్లొద్దు. అవ్వ ఎప్పుడైనా బడికి వెళ్లి ఉంటే పాత రిజిస్టరు వెతికించండి, లేకపోతే పుట్టిన తేదీ ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయంలో అడగండి. ఆమెది, కొడుకుది ఒకే రేషను కార్డయితే ఆ ఇంట్లో ఇంకెవరికైనా పింఛను ఉందేమో కూడా చూడండి. మీటరు వేరు చేయించడం కష్టం కాదు, గుడిసెకు ఇంటి పన్ను రశీదు ఉంటే చాలావరకు పని అవుతుంది. రశీదు ఉందా?

మెట్టసేద్యం, శుక్రవారం ఉదయం

ఉంది. 2016లోది, అవ్వ దిండు కింద దొరికింది. సోమవారం సెలవు పెట్టి ఆమెను తీసుకుని వెళ్తున్నాను.